మాంట్రియల్‌లో పదిహేనో మనిషి

ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టు వెంట ఆరువందల కిలోమీటర్లు పోయేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. లోకం మాత్రం మర్యాదగా అభిమానులంటుంది. ఆగస్టు చివరి శుక్రవారం ఉదయం ఏడుంబావుకి హామిల్టన్ బస్ స్టేషన్లో అలాంటి అభిమానులం ముగ్గురం నిలబడ్డాం. నేను, యాదగిరి, మూర్తిగారు. యాదగిరిది జనగామ. ఇక్కడి స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. మూర్తిగారిది రాజమండ్రి. బ్యాంకులో పనిచేసి రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. నేను ఆసుపత్రి లేబొరేటరీలో రక్తపరీక్షలు చేస్తాను. మా ముగ్గురినీ కలిపింది ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అంటే హైదరాబాదులో మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు.

నమ్మకపోవడంలో తప్పేమీ లేదు. ఆస్ట్రేలియాలో జీలాంగ్ అనే ఊళ్ళో తొమ్మిదేళ్ళున్నాను. ఆ ఊళ్ళో పాలవాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ శనివారం ఈ ఆట గురించే మాట్లాడతారు. అక్కణ్ణుంచి కెనడాకు వచ్చేటప్పుడు మా ఆయన అక్కడే ఉండిపోయారు. నేను ఈ ఆట ఒక్కదాన్నీ వెంట తెచ్చుకున్నాను. హామిల్టన్‌లో ఒక చిన్న క్లబ్బు ఉందని తెలిసిన వారమే వెళ్ళి చేరిపోయాను. దాని పేరు ఫర్నెస్. మేం తెలుగువాళ్ళం కొలిమి అంటాం. పోయినేడు, అంతకుముందేడు ఆ కొలిమిలో నిప్పు లేదు, పొగే ఉంది. ఈ ఏడు పొగ కూడా లేదు.

ఏడున్నర బస్సు సమయానికే వచ్చింది. పైఅంతస్తులో ముందు సీట్లు ఖాళీగా ఉంటే ఎక్కి కూర్చున్నాం. టొరంటో యూనియన్ స్టేషన్‌కు ఎనిమిదీ యాభైకి చేరాం. మాంట్రియల్ రైలు పదీ నలభైకి. మీరెప్పుడైనా ఈ దారిలో వెళ్ళేట్టయితే రెండు మాటలు గుర్తుంచుకోండి. టికెట్టు నెల ముందే కొనండి, చివరి వారంలో కొంటే దాదాపు రెట్టింపవుతుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ అడగండి, చాలాసేపు సరస్సు పక్కనే పోతుంది రైలు. మాకు మూడూ ఎడమవైపే వచ్చాయి. మా జట్టుకు తగ్గ అదృష్టమే మాకూనూ.

రైలు కదిలాక మూర్తిగారు సంచిలోంచి నోట్‌బుక్ తీశారు. బ్యాంకు అలవాటు పోలేదు ఆయనకు. సీజన్ మొదట్లో ప్రతి ఆటగాడికీ ఒక పేజీ కేటాయిస్తారు. ప్రతి మ్యాచ్ తర్వాత పదికి ఇన్నని మార్కులు వేస్తారు. ఏప్రిల్లో ఇరవైరెండు పేజీలున్నాయి. వాటిలో ఏడు పేజీల మీద అడ్డంగా గీతలు. ఇద్దరికి ఎడ్మంటన్లో ఉద్యోగాలొచ్చాయి. ముగ్గురి వర్క్ పర్మిట్లు అయిపోయి ఇంటికెళ్ళారు. ఒకడికి మోకాలు పోయింది. ఇంకొకడు ఎందుకు మానేశాడో ఎవరికీ తెలియదు, ఫోనెత్తడు.

"ఈ సీజన్ మొత్తానికి జట్టుకు నేనిచ్చేది పదికి మూడమ్మా," అన్నారు మూర్తిగారు. "అదీ డిఫెన్సును చూసి."

"మూడెందుకు సార్, ఎనిమిది ఆడి ఎనిమిది ఓడినం. సున్నా ఇయ్యిండ్రి," అన్నాడు యాదగిరి.

"కుర్రాళ్ళండీ. యువరక్తం. రెండేళ్ళాగితే చూడండి ఎలా ఉంటారో."

"నిరుడు గూడ గట్లనే అన్నరు. ఆగుడే ఆగుడు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మా జట్టు భవిష్యత్తు గురించిన మాటలన్నీ అలాగే ఉంటాయి. నేను మాట కలపలేదు. ఆ 'యువరక్తం' అనే మాట ఆ క్లబ్బులో మొట్టమొదట వాడింది నేనే కాబట్టి.

రెండేళ్ళ కిందటి సంగతి. అప్పటి మా కెప్టెన్ శంకరం. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు, కాలేజీలో కబడ్డీ ఆడేవాడు. క్లబ్బులో తెలుగువాళ్ళను చేర్చిందే అతను. తన వ్యాన్లో ఇంటింటికీ తిరిగి కుర్రాళ్ళను గ్రౌండుకు తోలుకొచ్చేవాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. జట్టు ఐదో స్థానంలోనో ఆరో స్థానంలోనో ఈదుతుండేది. మా కోచ్ డారెన్ ఆస్ట్రేలియావాడు, ప్లంబరు. చలికాలం మీటింగులో లేచి, జట్టును మళ్ళీ మొదటినుంచి కట్టాలి, ముప్ఫై ఐదు దాటినవాళ్ళను పక్కన పెట్టాలి అన్నాడు. కమిటీలో ఉన్న నేను లేచి, యువరక్తం కావాలి, పాతవాళ్ళు దారి ఇవ్వాలి అని ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఓటింగులో చేతులు లేచాయి. ఆరుగురు పోయారు. శంకరం నావైపు ఒకసారి చూసి లేచి బయటికి వెళ్ళాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారే, అదే మేం చేసింది. పైగా మేమింకా ఏరు దాటనూ లేదు. మూడు నెలలు తిరక్కుండా శంకరానికి మాంట్రియల్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు. ఇప్పుడు అక్కడి జట్టుకు కెప్టెన్.

ఈసారి ప్రయాణంలో పణం ఏమిటో కూడా చెప్పేస్తాను. వచ్చే ఏడు లీగులో జట్లు తగ్గిస్తున్నారు. సీజన్ మొత్తంలో ఒక్కటైనా గెలవని జట్టుకు సొంత చోటు ఉండదని, పక్క ఊరి జట్టులో కలిపేస్తారని జులైలో ఉత్తరం వచ్చింది. కలిస్తే పేరు పోతుంది, రంగు పోతుంది. మావాళ్ళలో ఎనిమిది మందినే తీసుకుంటారు. మిగిలింది ఒక్క మ్యాచ్, మాంట్రియల్‌తో.

పన్నెండున్నరకు పులిహోర పొట్లాలు విప్పాం. నేను తెచ్చింది పులిహోర, యాదగిరి తెచ్చింది చికెన్ వేపుడు. శాకాహారి మూర్తిగారు ముఖం కిటికీ వైపు తిప్పుకుని తిన్నారు. పక్క వరసలో ఒక మాంట్రియల్ ముసలావిడ వాసనకు నవ్వి, ఎక్కడికి వెళ్తున్నారని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. "ఆస్ట్రేలియా ఆట, ఇండియా మనుషులు, అంటారియో జట్టు, ఆడేది క్యుబెక్‌లో," అంటూ వేళ్ళు మడిచింది. "మీకు వేరే పనేం లేదా?" వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. లేదని చెప్పాను, నేనూ నిజంగానే.

కింగ్‌స్టన్ దాటాక రైలు అరగంట ఆగిపోయింది, ఎదురుగా గూడ్సు వస్తోందట. మాంట్రియల్ చేరేసరికి నాలుగూ ఇరవై. మెట్రో ఎక్కి నాలుగు స్టేషన్లు వెళ్ళాం. వేసవిలో యూనివర్సిటీ హాస్టల్ గదులు బయటివాళ్ళకు అద్దెకిస్తారు. గది చిన్నది, స్నానాల గది వసారాలో. కానీ శుభ్రంగా ఉంది, హోటల్‌తో పోలిస్తే అద్దె సగం కూడా కాదు. రిసెప్షన్లో అమ్మాయి ఫ్రెంచిలో మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఇంగ్లీషులోకి మారింది. సాయంత్రం కింద వీధిలో నడిచాం. బంగాళాదుంప వేపుడు మీద గ్రేవీ పోసి, చీజు ముక్కలు వేసి ఇస్తారు ఇక్కడ. గ్రేవీలో ఏముందో కనుక్కున్నాక మూర్తిగారు గదికి పోయి పెరుగన్నం తిని పడుకున్నారు.

శనివారం పదకొండుకల్లా గ్రౌండ్‌లో ఉన్నాం. ఊరికి పడమర ఒక పార్కు అది. ఈ ఆటకు గుడ్డు ఆకారపు మైదానం కావాలి. కెనడాలో అలాంటివి ఎక్కడ దొరుకుతాయి? రెండు సాకర్ మైదానాలు కలిపి, చుట్టూ శంకువుల్లాంటి నారింజరంగు ప్లాస్టిక్ టోపీలు పెట్టి హద్దు వేస్తారు. రెండు కొసలా నాలుగేసి స్తంభాలు పాతుతారు. బంతి నడిమి రెండింటి మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు, పక్కసందుల్లోంచి పోతే ఒకటి. ఆట గురించి మీకు ఇంతకన్నా తెలియనక్కర్లేదు. అసలు రూలు ప్రకారం జట్టుకు పద్దెనిమిది మంది, ఇక్కడ అంతమంది దొరకరు గనుక పద్నాలుగు.

నా పని గేటు. హద్దు పక్కన రెండు టోపీల మధ్య ఖాళీ వదులుతారు, దాన్ని గేటంటారు. ఆటగాళ్ళు లోపలికి వెళ్ళినా బయటికొచ్చినా అందులోంచే. ఎవరు వెళ్ళారో ఎవరొచ్చారో రాసుకుంటూ ఒక మనిషి నిలబడాలి. రెండేళ్ళుగా మా వైపు ఆ మనిషి నేనే. నిజం చెప్పాలంటే అది మా జట్టులో పనే కాదు. బెంచీ మీద ఎవరైనా ఉంటే కదా మార్చడానికి! పదిమందితో ఆడాం, పదకొండు మందితో ఆడాం. ఎదుటి జట్టునుంచి ఇద్దర్ని అప్పు తెచ్చుకుని ఆడిన రోజూ ఉంది. కుర్రాళ్ళంతా శనివారాలు కూడా ఎక్కడో ఒకచోట షిఫ్టు చేస్తారు. సగం ఆటయ్యాక ఒకడు గోడౌన్ చొక్కాతోనే బస్సు దిగి పరిగెత్తుకొస్తాడు. మా క్లబ్బులో ఒక ఆచారం ఉంది. అలా వచ్చినవాణ్ణి ఎవరూ ఆపరు, ఏమీ అడగరు. అందరూ చప్పట్లు కొడతారు, వాడు బ్యాగు అక్కడ పడేసి నేరుగా గ్రౌండ్‌లోకి ఉరుకుతాడు. ఈ ఆచారం పెట్టింది శంకరమే. "వచ్చినోడిని నిలబెట్టీకండి, లోపలికి తోసీయండి," అనేవాడు.

ఆ రోజు రెండు వ్యాన్లలో మావాళ్ళు దిగుతుంటే లెక్కపెట్టాను. పద్నాలుగు మంది. సీజన్లో మొదటిసారి నిండు జట్టు. యాదగిరి ఈల వేశాడు. మూర్తిగారు నోట్‌బుక్‌లో తేదీ కింద గీత గీశారు. రానివాడు వంశీ ఒక్కడే. ప్రొద్దుటూరు కుర్రాడు, ఇరవై ఆరేళ్ళు, మా జట్టులో గోల్ కొట్టగలిగినవాడు అతనొక్కడే. శుక్రవారం రాత్రి షిఫ్టు అయ్యాక బస్సులో వస్తున్నాడు, ఆ బస్సు ఎక్కడో ఆగిపోయింది.

పన్నెండున్నరకు ఆట మొదలైంది. ఎలా జరిగిందో ఏమో, మావాళ్ళు ఆడారు. నిజంగా ఆడారు. పదికి మూడు మార్కుల డిఫెన్సు గోడలా నిలబడింది. మూడో క్వార్టర్ అయ్యేసరికి నలభై ఒకటి, ముప్ఫై తొమ్మిది. మేమే ముందు. నాలుగో క్వార్టర్ సగంలో నలభై ఏడు, నలభై ఐదు. ఇంకా మేమే. యాదగిరి హద్దు వెంట నా పక్కనే పరిగెడుతూ అరుస్తున్నాడు. నా గొంతు ఎప్పుడో పోయింది. డారెన్ అవతలి వైపు నెత్తి మీది టోపీ తీసి నలిపేసుకుంటున్నాడు. రెండేళ్ళ కిందట నేనిచ్చిన ఉపన్యాసం తప్పు కాదని ఆ పది నిమిషాలు నమ్మాను. శంకరం మైదానం మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే చూసి సంతోషించాను కూడా. ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు సంతోషించాను.

అప్పుడొచ్చాడు వంశీ. టాక్సీ దిగి, పార్కుకు అడ్డంపడి, బ్యాగు ఊపుకుంటూ. మావాళ్ళలో ఎవరో చూసి కేక పెట్టారు. అందరూ చప్పట్లు. బ్యాగు నా కాళ్ళ దగ్గర పడేసి చొక్కా మార్చుకున్నాడు.

"పొయ్యేదా ఆంటీ?" అన్నాడు.

"పో, పో!" అన్నాను. చెయ్యి కూడా ఊపాను.

పోయాడు. రెండో నిమిషంలోనే బంతి గాలిలో అందుకుని, తిన్నగా స్తంభాల నడుమకు కొట్టాడు. యాభై మూడు, నలభై ఐదు. యాదగిరి నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. మూర్తిగారు జేబురుమాలు తీసుకున్నారు. సరిగ్గా అప్పుడు శంకరం అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి ఏదో అన్నాడు. అంపైర్ రెండు చేతులూ అడ్డంగా ఊపి ఆట ఆపేశాడు.

ఈ ఆటలో ఒక పాత రూలుంది. అవతలివాళ్ళు ఎక్కువ మందితో ఆడుతున్నారని కెప్టెన్‌కు అనుమానమొస్తే లెక్క అడగొచ్చు. రెండు జట్లూ మధ్యలో వరసగా నిలబడాలి, అంపైర్ ఒక్కొక్కరినీ తాకి లెక్కపెడతాడు. ఎక్కువున్నారని తేలితే ఆ జట్టు అప్పటిదాకా కొట్టినదంతా రద్దు. ఆస్ట్రేలియాలో ఉన్న తొమ్మిదేళ్ళలో ఎవరూ లెక్క అడగ్గా నేను చూడలేదు. మావాళ్ళు వరస కడుతుంటేనే నాకు తెలిసిపోయింది. చేతిలో కాగితం వైపు చూశాను. పద్నాలుగు పేర్లు. పదిహేనోది వంశీ. ఎవరూ బయటికి రాలేదు. ఎవర్నైనా బయటికి పిలవాలని నాకు తట్టలేదు. సీజనంతా తక్కువమందినే లెక్కపెట్టి లెక్కపెట్టి, ఎక్కువ కావడమనేది ఒకటుంటుందనే మర్చిపోయాను. పొద్దున పద్నాలుగు అని నా నోటితోనే అన్నాను, అయినా సరే.

అంపైర్ చివరివాడి భుజం తాకి, వేళ్ళు చూపించాడు. స్కోరుబోర్డు దగ్గర మాంట్రియల్ కుర్రాడు మా అంకె చెరిపి సున్నా రాశాడు. ఇంకా ఆరు నిమిషాలుంది. ఆడారు. యాభై రెండు, ఒకటి. ఆ ఒక్క పాయింటూ కూడా బంతి ఎవరి కాలికో తగిలి పక్కసందులోంచి పోతే వచ్చింది.

మావాళ్ళు మైదానంలోనే కూలబడ్డారు. ఎవరో వంశీని బూతు తిట్టారు. "గేటుకాడ ఆగాలని తెల్వదారా నీకు?" అని యాదగిరి ఇక్కణ్ణుంచే అరిచాడు. వంశీ తలెత్తలేదు. నేను చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఓడినా గెలిచినా ఆట తర్వాత ఆ ఊరి జట్టువాళ్ళు వచ్చినవాళ్ళకు భోజనం పెట్టాలి, అది ఈ లీగు పద్ధతి. పొయ్యి మీద కాల్చిన సాసేజిలు, బన్నులు, ఉల్లిపాయలు. శంకరం ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. జుట్టు బాగా నెరిసింది.

"ఏటక్కా, తినవా?"

"నీ చేత్తో ఇస్తే ఎలా తినేది?" అన్నాను. కోపంతోనే అన్నాను.

కింద గడ్డిలో కూర్చున్నాడు. "ఆ కుర్రోడు వస్తన్నప్పుడే అనుకున్నాను. గేటు కాడ ఆగడు, మీరూ ఆపరు. ఆ అలవాటు నానెట్టిందే కదా. మీవోళ్ళు పద్నాలుగు మంది ఉన్నారని మొదట్లోనే లెక్కెట్టీసేను."

"అయితే అడక్కుండా ఉండొచ్చుగా? మా జట్టు పోతుందని నీకు తెలుసుగా?"

"ఉండొచ్చు. మావోళ్ళకి ఈ మ్యాచి గెలిస్తేనే ఫైనల్సు. కెప్టెన్ని నేను. తెలిసీ ఊరుకుంటే వాళ్ళ మొకాలు ఎలా చూస్తాను?" గడ్డిపరక ఒకటి తుంపి, "అది ఒకటే కారణమని చెప్పను. మీ దగ్గర అబద్దం దేనికి? అంపైర్ని లెక్క అడిగేటప్పుడు ఆ మీటింగు గుర్తొచ్చింది," అన్నాడు.

అతను ప్లేటు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. సాసేజి బాగానే ఉంది. తిన్నాను.

ఆ సాయంత్రం చూడాల్సినవి కొన్ని ఉన్నాయి మాంట్రియల్‌లో. కొండెక్కితే ఊరంతా కనిపిస్తుందట, పాత రేవు దగ్గర రాళ్ళ వీధులున్నాయట. మేం ఏదీ చూడలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా రాత్రి డారెన్ నుంచి మెసేజి వచ్చింది. క్లబ్బు పని అయిపోయింది, కలవబోయే జట్టుకు పంపడానికి ఎనిమిది పేర్లు కావాలి, కమిటీవాళ్ళు ఆదివారం సాయంత్రానికి చెప్పండి అని.

ఆదివారం రైలు ఉదయం ఎనిమిదీ యాభైకి. స్టేషన్లో కాఫీ బాగుంటుంది, బన్ను కొనకండి. ఈసారి కిటికీ సీట్లు సరస్సు వైపే దొరికాయి. వ్యాన్లలో చోటు లేక వంశీ కూడా మా రైలుకే టికెట్టు తీసుకున్నాడు, కానీ వేరే పెట్టెలో. ప్లాట్‌ఫాం మీద మాకు దూరంగా నిలబడ్డాడు, యాదగిరి అటు చూడలేదు.

రైలు కదలగానే మూర్తిగారు నోట్‌బుక్ తీశారు. ఎనిమిది పేర్లకు పదకొండింటిదాకా వాదన జరిగింది. అంత శ్రద్ధగా మా జట్టు గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదేమో. ఎవరి తన్ను బలమెంత, ఎవరి పర్మిటు ఎప్పటిదాకా ఉంది, ఎవరికి కోపమెక్కువ. జట్టు బతికున్నప్పుడు చేయాల్సిన పని, పోయాక చేస్తున్నాం. ఏడు పేర్లు తేలాయి. వంశీ పేరు ఎవరూ ఎత్తలేదు.

"వంశీ?" అన్నాను.

"ఇంక వాని పేరు తియ్యకక్కా," అన్నాడు యాదగిరి. "జట్టును ముంచిండు."

"ఆటలో పది, బుర్రలో సున్నా. సగటు ఐదు వస్తుంది, కానీ నేను వెయ్యలేనమ్మా," అన్నారు మూర్తిగారు.

అప్పుడు చెప్పాను. వాడు ఆగి అడిగాడని, పొమ్మన్నది నేనని, చెయ్యి ఊపింది నేనని, గేటు దగ్గర లెక్క నా బాధ్యతని. ఇద్దరూ వింటూ కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండును.

"పోనీలెండమ్మా," అన్నారు మూర్తిగారు. "ఆ గొడవలో ఎవరికి మాత్రం తెలుస్తుంది? మీరు చేసే సేవకి అదో లెక్కా?"

"నువ్వు పరేషాన్ గాకు అక్కా. నువ్వు పొమ్మంటె మాత్రం వానికి దిమాక్ లేదా?" అన్నాడు యాదగిరి, నీళ్ళ సీసా నా చేతికిస్తూ. "ఎనిమిదోది డిఫెన్సుల ఆడే హర్‌ప్రీత్ పేరు రాయిండ్రి సార్."

నాకు క్షమాపణ దొరకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. అదే తప్పుకు వాడి పేరు పేజీలోంచే పోయింది. నేను పెద్దదాన్ని, అక్కని, పులిహోర తెచ్చేదాన్ని. వాడు బస్సుకు ఆలస్యమయ్యే కుర్రాడు. శంకరం విషయంలోనూ మేం ఇలాగే తీర్పు చెప్పామని, అప్పుడూ ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదని గుర్తొచ్చింది. కిటికీలో సరస్సు వస్తూ పోతూ ఉంది.

డారెన్‌కు జరిగినదంతా రాసి, వంశీ పేరు చేర్చమన్నాను. పావుగంటలో జవాబు వచ్చింది. ఎవరికైనా జరుగుతుంది, మనసులో పెట్టుకోకు అన్నాడు. జాబితా మాత్రం అవతలివాళ్ళు తొందరపెడితే నిన్న రాత్రే పంపేశానన్నాడు. వంశీ అందులో లేడు. కొత్త జట్టుకు గేటు దగ్గర మనిషి కావాలట, నా పేరు ఇచ్చానన్నాడు. చివర ఒక నవ్వుబొమ్మ. మూర్తిగారు హర్‌ప్రీత్ పేరు రాసి, దాని కింద రెండు గీతలు గీసి నోట్‌బుక్ మూశారు. జాబితా అప్పటికే వెళ్ళిపోయిందని ఆయనకు నేను చెప్పలేదు.

టొరంటోలో రెండింబావుకు దిగాం. యాదగిరి కొడుకు కారు తెచ్చాడు, మూర్తిగారు వాళ్ళతో వెళ్ళారు. నేను పనుందని చెప్పి ఆగి, హామిల్టన్ బస్సు క్యూలో వంశీ వెనక నిలబడ్డాను. పైఅంతస్తులో అతని పక్కనే కూర్చున్నాను. అతను లేచి కిటికీ సీటు నాకిచ్చాడు.

ఊరు దాటాక చెప్పాను, రెండు సంగతులూ. తప్పు నాదని, అతని పేరు జాబితాలో లేదని.

"తెలుసాంటీ," అన్నాడు. "జాబితా సంగతి నిన్న రాత్రే మా ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడింది."

"నేను పొమ్మన్నానని అక్కడే చెప్పొచ్చుగా? వాళ్ళంతా అన్నేసి మాటలంటుంటే?"

అతను బ్యాగు జిప్పు లాగి మూశాడు.

"చెప్తే మిమ్మల్ని తీసేస్తారు కదా ఆంటీ. నేనైతే ఇంకో షిఫ్టు జేసుకుంటా. మీరు శనివారం యాడికి పోతారు?"

వాడి గొంతులో జాలి లేదు, నిష్ఠూరం లేదు. నాకొక్క మనిషికి తప్ప అందరికీ తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పాడు. నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఏడ్చాను కూడా, దాచుకోను.

మూడున్నరకు హామిల్టన్‌లో దిగాం. నాలుగింటికి అతనికి షిఫ్టు. నా సంచి దింపి పెట్టి, "వస్తానాంటీ," అని సిటీ బస్సు వైపు పరిగెత్తాడు. ఈ ప్రయాణంలో నాకు మిగిలింది చెప్పమంటే ఇదొక్కటే చెప్పగలను. రెండేళ్ళు జట్టును కడుతున్నామని చెప్పుకుంటూ, ఆ పేరుతో దాన్ని నిలబెట్టే మనుషులనే ఒక్కొక్కరిగా బయటికి పంపాం. బస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని డారెన్‌కు రాశాను, గేటుకు వేరే మనిషిని చూసుకోమని. పంపాక ఫోను బ్యాగులో పడేసి ఇంటికి నడిచాను. రేపు సోమవారం, ఆసుపత్రి ఉంది. శుక్రవారం దాకా ఫరవాలేదు. శనివారం ఎక్కడికి పోవాలో నాకింకా తెలియదు.